రేవున నిలిపిన బండి

మహాశివరాత్రినాడు పట్టిసము రేవునకు పోయినవా రెల్లరు ఈ దృశ్యము నెరుగుదురు. గోదావరి నడుమ కొండపై వీరభద్రస్వామి కోవెల. ఇవతలి యొడ్డున ఇసుక వేసిన రాలని జనము. ఆ జనము వెనుక రోడ్డు పొడవునను బారులు తీర్చి నిలిపిన కార్లు. భక్తుడు కారు దిగి లాంచీ యెక్కును. దర్శనము చేసికొని మరలివచ్చుటకు రెండు మూడు గంటలు పట్టును. అంతసేపు లక్షల రూపాయల వస్తువును దిక్కులేక విడిచిపోవుచున్నామను చింత యాతనికి లేదు. మెడలోని గొలుసును మాత్రము మాటిమాటికి తడిమి చూచుకొనుచుండును.

కొన్ని యేండ్ల క్రిందట ఇట్టి పర్వదినముననే మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. పోలవరము ఆనకట్ట నిర్మాణమువలన ఊరు విడిచి పునరావాస కాలనీకి వచ్చిన కుటుంబములోని పిన్నవా డొకడు, భూమికి వచ్చిన పరిహారములో కొంత పెట్టి, మిగిలినది అప్పు తెచ్చి, ఒక కారు కొని బాడుగకు త్రిప్పుచుండెను. ఆ దినమున నొక కుటుంబమును రేవునకు తీసికొని వచ్చెను. వారిలో వృద్ధురాలొకతె, "నాయనా, నన్ను కాస్త లాంచీ యెక్కించి కొండదాక తోడు రావా" యని యడిగెను. కాదనలేక వెళ్లెను. వెళ్లుచు తాళపుచెవిని ముందరి చక్రముమీద పెట్టెను. ఇది మన డ్రైవర్లలో చాలమంది చేయు పనియే. తిరిగి వచ్చి చూడగా అచ్చట చక్రముల జాడ తప్ప మరేమియు లేదు.

అటుపిమ్మట జరిగినదే మాచేత నీ కలమును పట్టించినది. గుమిగూడినవారిలో నొక పెద్దమనిషి "ప్రాప్తము లేనిది నిలుచునా" యని నిట్టూర్చెను. మరొకరు "పోలీసువారికి రేపు తీరికగా చెప్పవచ్చును, ఈ రద్దీలో వారు మాత్రమేమి చేయుదురు" అనిరి. తక్కినవా రందరును రోడ్డువార వెదురుబుట్ట లమ్ముకొను కుఱ్ఱవా నొకనిని పట్టుకొని, తువ్వాలుతో చేతులు కట్టి, ప్రొద్దు గ్రుంకువరకు విచారణ సాగించిరి. "ఆ జాతివారికి తెలియకుండ ఇట్టిది జరుగునా" యనుటయే వారికి గల సాక్ష్యము. ఆ కుఱ్ఱవానికి కారు నడుపుటయే రాదని దీపాలు పెట్టిన తరువాత గాని యెవరికిని తోచలేదు. ఫిర్యాదు రాత్రికి గాని స్టేషను చేరలేదు. పట్టిసమునుండి కొవ్వూరు మీదుగా గోదావరి దాటుటకు గంటయో గంటన్నరయో చాలును. ఆ దొంగకు ఆరు గంటలు దొరికినవి. కారు నేటికిని దొరకలేదు.

చదువరులారా, ఆ యారు గంటలు దొంగ సంపాదించుకొన్నవి కావు. మనమందరము కూడి యాతనికి దానము చేసినవి. కారు దొంగిలించుట వృత్తిగా గలవానికి కావలసినవి రెండే వస్తువులు: ఒకటి తీరిక, రెండవది కొనువాడు. చీకటి యాతనికి అక్కరలేదు. పట్టపగలే పని జరుపుకొనగలడు. ఈ రెంటిని ఇచ్చుచున్నది గౌరవనీయులమని తలయెత్తుకొని తిరుగు మనమే యని మేము గట్టిగా చెప్పుచున్నాము.

మొదట ప్రాప్తమను మాటను విచారింతము. దొంగ తెచ్చిన తాళపుచెవి తనది కాదని గుర్తించి, యంత్రమును కదలనీయక నిలిపివేయు పరికరమొకటి కలదు. దానిని ఇమ్మొబిలైజరు అందురు. బ్రిటనులో 1998 అక్టోబరు మొదలు క్రొత్త కార్లన్నిటికి నిది యుండి తీరవలెనని విధించిరి. ఆస్ట్రేలియా 2001లోను, కెనడా 2007లోను ఆ మార్గమునే పట్టినవి. నెదర్లాండు దేశమున 1995 మొదలు 2008 వరకు గల లెక్కలను పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులు, ఈ పరికరమువలన కార్ల దొంగతనములు సగటున నూటికి 40 వంతులు తగ్గినవని తేల్చిరి. అమెరికాలో దీనికి ప్రతికూలమైన పాఠము కనబడినది. అచ్చట కొన్ని కంపెనీల కార్లలో ఈ పరికరమును అమర్చకయే యమ్మిరి. స్టీరింగు క్రింది మూత నూడదీసి, ఫోనుకు చార్జి పెట్టు తీగె కొనతో వానిని నడుపవచ్చునని 2021, 2022 సంవత్సరములలో వీడియోలు వ్యాపించగా, పసివాండ్రు సయితము వానిని దొంగిలింప మొదలిడిరి. నెదర్లాండు వాసుల ప్రారబ్ధము ఒక చిన్న పరికరము పెట్టగనే నూటికి 40 వంతులు మారినదా? అమెరికావారి పూర్వకర్మము వీడియో చూచి మేల్కొన్నదా? యంత్రమునకు లోబడు దానిని విధియని పిలుచుట సోమరితనమునకు పట్టువస్త్రము కట్టుటయే.

రెండవది జాతి మాట. ఇది సోమరితనము మాత్రమే కాదు, పాపము. 1871లో ఆంగ్లేయ ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసి, కొన్ని జాతులలో పుట్టుటయే నేరమని శాసించెను. తరువాత మన మండలములలో ఎరుకలవారిని ఆ పట్టికలో చేర్చి, పేర్లు వ్రాసికొని, వ్రేలిముద్రలు పుచ్చుకొని, హాజరు పలికించి, కాపలాల నడుమ కాపురము చేయించిరి. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయినది. చట్టపు పుస్తకములోనుండి తొలగిన యా మాట రేవు గట్టున మన నాలుకమీద నేటికిని సజీవముగా నున్నది. చదువుకొన్నవారము, సంస్కారులమని చెప్పుకొనువారము, ఆ కుఱ్ఱవాని చేతులు కట్టినపుడు చుట్టు నిలిచి చూచుచుంటిమి. ఆ గుంపులో మేమును ఉంటిమి గనుక ఈ మాట యితరులను మాత్రమే నిందించి వ్రాయుటలేదు.

నేటి కారు దొంగ యెవరో తెలిసికొన్నచో ఆ నింద యెంత హాస్యాస్పదమో తెలియును. బొత్తాము నొక్కకయే, తాళపుచెవి జేబులో నుండగనే తలుపు తెరచుకొను కార్లు నేడనేకము. వాని తాళపుచెవి సన్నని రేడియో సంకేతముతో కారుతో మాటలాడును. దొంగలిద్దరు వత్తురు. ఒకడు మీ వీధి తలుపుచెంత నొక పెట్టెను పట్టుకొని నిలిచి, లోపల మేకునకు వ్రేలాడు తాళపుచెవి సంకేతమును గ్రహించును. రెండవవాడు మరొక పెట్టెతో దానిని కారునకు అందించును. యజమానియే వచ్చెనని కారు భ్రమించి తెరచుకొనును. మరికొందరు మెకానికులు తప్పులు కనుగొనుటకై వాడు రంధ్రములో తమ పరికరమును దూర్చి, క్రొత్త తాళపుచెవిని అప్పటికప్పుడు కారునకు పరిచయము చేయుదురు. 2022లో లండనులో నొక కారు పోయినది. దాని యజమాని కార్ల భద్రతను పరిశోధించు విద్వాంసుడే. దొంగలు ముందరి దీపము ప్రక్కన పట్టీ నూడదీసి, ఆ తీగెల ద్వారా కారు లోపలి మాటలలో చొరబడిరని ఆయనయు ఆయన మిత్రుడును పరిశోధించి 2023లో ప్రకటించిరి. ఇది బుట్ట లల్లువాని విద్యయా? ఇది ఒక కర్మాగారము. కనిపెట్టువా డొకడు, తెరచువా డొకడు, నడుపువా డొకడు, చాసిస్ నెంబరును అరగదీయువా డొకడు, కాగితములు పుట్టించువా డొకడు, అమ్మువా డొకడు. ఆ కర్మాగారమునకు కులము లేదు. లాభము మాత్రమే కలదు. మనము పేదవానిని పట్టుకొని నిలిచిన ప్రతి నిమిషమును దానికి మనము వ్రాసియిచ్చు చెక్కు.

మూడవది "పోలీసువారు చూచుకొందురు" అను మాట. పోలీసువారు చూడవలసినదే, కాని వారికి మొదటి గంటలోనే తెలుపవలెను. 2024 జూలై 1వ తేదీ మొదలు అమలులోనున్న క్రొత్త నేరవిచారణ చట్టములోని 173వ సెక్షను ననుసరించి, నేరము జరిగిన చోటుతో నిమిత్తము లేక, ఏ పోలీసు స్టేషనులో నైనను సమాచార మీయవచ్చును. ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో పంపినను చెల్లును. మూడు దినములలో వచ్చి సంతకము చేసిన చాలును. 112 నెంబరు పగలు రాత్రియు పలుకును. పరిధి మాది కాదని చెప్పి త్రిప్పి పంపుటకు గాని, మనము రేపటికి వాయిదా వేయుటకు గాని యిక సాకు లేదు. ఫిర్యాదు వెంటనే చేసి, బీమా కంపెనీకి తెలుపుటలో మాత్రమే కొంత యాలస్యమైనచో, ఆ యొక్క కారణముచే కంపెనీ సొమ్ము ఎగవేయరాదని సుప్రీముకోర్టు 2020 జనవరిలో తీర్పు చెప్పినది. కాని ఇచ్చట నొక కటువైన నిజమును చెప్పక తప్పదు. చట్టము నిర్బంధించునది ఇతరులకు కలుగు నష్టమునకు చేయు బీమా మాత్రమే. దొంగ కారు నెత్తుకొనిపోయినచో ఆ బీమావలన కాని యైనను రాదు. మన పిన్నవానిది అట్టి బీమాయే. భూమి పోగా వచ్చిన సొమ్ము కారైనది. కారు పోగా మిగిలినది అప్పు. ఆ వాయిదాలను ఇతరుల కార్లు నడిపి కట్టెను.

ఇక తీరికను హరించు మార్గము లెవ్వి? చదువరులు గొప్ప యంత్రమొకటి చెప్పుదుమని యెదురుచూడవలదు. ఏ తాళమును దొంగను శాశ్వతముగా ఆపలేదు. ప్రతి తాళమును కొన్ని నిమిషములను మాత్రము తినును. రెండు మూడు తాళము లొక్కచోట చేరినచో ఆ నిమిషములు పెరిగి, దొంగ ప్రక్క కారును చూచుకొనును, లేదా పట్టువడును.

తాళపుచెవి చక్రముమీదను, అద్దము వెనుకను, టీకొట్టులోను ఉండరాదు. అది యజమాని శరీరముపై నుండవలెను. స్టీరింగునకు అడ్డముగా బిగించు ఇనుప కడ్డీ పాతకాలపు వస్తువని నవ్వువారు కలరు. అద్దములోనుండి కనబడుటయే దాని గొప్పదనము. ఎలక్ట్రానిక్ విద్య యెంత నేర్చినను దానిని రంపముతో కోయక తప్పదు. ఇంధనపు పంపునకు పోవు విద్యుత్తును ఆపు రహస్యపు స్విచ్చిని నమ్మకమైన మెకానికుచేత అమర్పించినచో, తలుపు తెరచినవాడును కారును కదల్చలేడు. సంకేతమిచ్చు తాళపుచెవిని ఇంటిలో వీధి గోడకు దూరముగా, మూత బిగువుగా పట్టు లోహపు డబ్బాలో నుంచవలెను. డబ్బాతోసహా కారు దగ్గరకు పోయి తలుపు తెరచుకొనునేమో చూడవలెను. తెరచుకొన్నచో ఆ డబ్బా పనికిరాదు. కారున్న చోటు తెలుపు జీపీయస్ పరికరమును దాచి పెట్టుట మంచిదే. కాని దాని సంకేతము నడ్డగించు పరికరములును దొంగలకు కలవు గనుక దానిమీదనే భారము వేయరాదు. రిజిస్ట్రేషను అసలు కాగితములను, రెండవ తాళపుచెవిని కారులోనే దాచుట ఇంటి తలుపునకు తాళము వేసి చెవిని గుమ్మమునకు వ్రేలాడగట్టుటవంటిది. కారు పోయినపుడు బీమావారు మొదట అడుగునది ఆ రెండు తాళపుచెవులనే. ఈ పనులలో సగము ఇంటిలోనే జరుగునవి. కనుక గృహిణులు "కారు మగవారి వ్యవహార"మని తొలగి నిలువక, బీమా కాగితమును తెప్పించి, అది దొంగతనమునకు వర్తించునో లేదో నేడే చదివి చూడవలెనని ప్రార్థించుచున్నాము.

ఒకరొకరు జాగ్రత్తపడుట చాలదు. రేవులవద్ద, తీర్థములవద్ద కారు నిలుపుటకు రుసుము వసూలు చేయుచు, ప్రక్కనే "వాహనములకు బాధ్యత యజమానులదే" యని పలక వ్రేలాడదీయు ఆచారము ప్రబలినది. రుసుము తమది, నష్టము నీది! 1998లో ఢిల్లీలో నొక పెద్ద హోటలు సిబ్బందికి తాళపుచెవి యిచ్చి నిలిపించిన కారు పోయినది. చీటీమీద యజమానిదే బాధ్యతయని అచ్చువేసినంత మాత్రమున, తాళపుచెవి పుచ్చుకొని కారును తమ వశము చేసికొన్న హోటలువారు తమ అజాగ్రత్తకు బాధ్యత తప్పించుకొనలేరని 2019 నవంబరులో సుప్రీముకోర్టు చెప్పినది. తాళపుచెవి మనవద్దనే యుండు రేవు పార్కింగునకు ఆ తీర్పు అట్లే వర్తించునని మేము చెప్పము. కాని అందలి ధర్మము ఎవరికైన బోధపడవలెను. రుసుము తీసికొనువాడు లోపలికి వచ్చునపుడు నెంబరు వ్రాసిన చీటీ యిచ్చి, వెలుపలికి పోవునపుడు ఆ చీటీ చూడక కారును విడువకున్న చాలును. దీనికి కంప్యూటరు అక్కరలేదు. ఒక త్రాడు, ఒక పుస్తకము, ఇద్దరు మనుష్యులు చాలుదురు. 2027 గోదావరి పుష్కరములకు ఈ రేవులలో నిలువబోవు కార్ల నూహించి, పంచాయతీలును దేవాలయాధికారులును కంట్రాక్టు వ్రాసికొనునపుడే ఈ నిబంధనను చేర్చవలెను. చేర్చువరకు మనము అడుగుచునే యుండవలెను.

తుదకు కొనువాని సంగతి. ఇది చేదుగా నుండును, అయినను మ్రింగవలసినదే. కారు దొంగ ఆ కారులో తిరుగుటకు దొంగిలించుటలేదు, అమ్ముటకు దొంగిలించుచున్నాడు. ఉత్తరప్రదేశములోని మేరటు నగరమున సోతీగంజు అను బజారు దొంగ వాహనములను విడదీసి అమ్ము చోటుగా దేశమంతట పేరుమోసి, పోలీసుల చర్యవలన 2021 డిసెంబరులో మూతపడినది. అన్ని యేండ్లు ఆ బజారును పోషించినవా రెవరు? దొంగలు కారు. అద్దము పగిలినదని, దీపము పోయినదని, క్రొత్తదాని ధరలో మూడవ వంతునకు వచ్చునని సంతోషముతో కొనిపోయిన గృహస్థులు. వ్యానుల సైలెన్సర్లను కోసికొనిపోవుట కూడ అట్టి కొనుగోలువలననే. అందలి ప్లాటినము, పలాడియము, రోడియములకు ధర చెల్లించువాడు లేనిచో రంపము పట్టువాడుండడు. రసీదు లేని సామానును, "ఎచ్చటిదని యడుగకుడు" అను సామానును కొనువాడు నిన్న పోయిన తన యద్దమును రేపు తానే మరల కొనును.

ఇంకను ఘోరమైనది కాగితముల వ్యాపారము. ప్రమాదమున నుగ్గయిన కారును తుక్కు ధరకు కాక, ఎక్కువ ధరకు అడుగువాడు వచ్చినచో, అతనికి కావలసినది ఆ ఇనుము కాదు, దాని రిజిస్ట్రేషను. అదే రకపు కారు నొకదానిని దొంగిలించి, దానిపై మీ నెంబరును చెక్కి, మీ కాగితములతో అమ్ముకొనును. పనికిరాకుండ నశించిన వాహనమును గూర్చి పదునాలుగు దినములలో, లేదా వీలయినంత త్వరలో, రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. ఎందరు తెలుపుచున్నారు? కారు నమ్మునపుడు 29, 30 నెంబరు ఫారములమీద ఖాళీగా సంతకము పెట్టి, పేరు మార్పు సంగతి మరచిపోవువా రెందరు? ఆ ఖాళీ సంతకమే దొంగ కారునకు పుట్టుకపత్రము. ఇక పాత కారు కొనువారు చాసిస్, ఇంజను నెంబర్లను కాగితముతో స్వయముగా సరిపోల్చుకొని, అది దొంగ సొత్తుల పట్టికలో నున్నదేమో జాతీయ నేర నమోదు సంస్థవారి వాహన విచారణలో చూచుకొనవలెను. దొంగ సొత్తని తెలిసియో, తెలియదగిన కారణముండియో మోసబుద్ధితో పుచ్చుకొన్నవానికి మూడేండ్ల వరకు శిక్ష భారతీయ న్యాయసంహిత 317వ సెక్షనులో కలదు. అదియే అలవాటైన వ్యాపారికి పదేండ్లు, యావజ్జీవము కూడ పడవచ్చును. "నేను కొన్నాను గాని దొంగిలించలేదు" అనువానిని చట్టము క్షమింపలేదు. మన యింటి పంక్తిలో మాత్రము అతడు తెలివిగలవాడని మెప్పు పొందుచున్నాడు. ఆ మెప్పు మానిన దినమున దొంగ కర్మాగారపు పొయ్యి చల్లారును.

ఆ శివరాత్రి రాత్రి చేతుల కట్టు విప్పిన తరువాత బుట్టల కుఱ్ఱవాడు ఏడువలేదు, తిట్టలేదు. త్రొక్కుడుపడి నలిగిన తన బుట్టలను ఒక్కొక్కటిగా ఏరుకొనుచుండెను. కారు పోయిన పిన్నవాడు వచ్చి ప్రక్కన కూర్చుండి ఆ పనిలో సాయపడెను. నిజముగా నష్టపోయినవా రిద్దరే. ఒకరి నొకరు అనుమానింపనివారును ఆ యిద్దరే. తక్కిన మనమందరము ఇండ్లకు పోయి, దొంగలు పెరిగిపోయిరని భోజనములవద్ద చెప్పుకొంటిమి. దొంగలు పెరిగిన మాట నిజమేయైనచో, వారిని పెంచిన చేతులేవో ఇకనైన చూచుకొందము.